కారు నడిపేది ఒకరు, దారి చదివేది ఒకరు



మన పత్రికలో ఆటల గురించి చానా వచ్చినాయి. కబడ్డీ వచ్చింది, ఖోఖో వచ్చింది, క్రికెట్ అయితే ఎన్నోసార్లు వచ్చింది. ఈసారి నేను కార్ల ర్యాలీ గురించి రాస్తున్నాను. "మనకు సైకిలే లేదు, కార్ల పోటీతో మనకేం పని?" అని మీరు అడగవచ్చు. కొంచెం ఓపికగా చివరిదాకా చదవండి. ఈ ఆటలో గెలిపించేది ఇంజను ఒక్కటే కాదు, చదువు కూడా. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఇది మన ఆటే అనిపిస్తా ఉంది నాకు.

ర్యాలీ వేరు, రేసు వేరు

మన దగ్గర ర్యాలీ అంటే బ్యానర్లు పట్టుకుని రోడ్డు వెంట పోవడం. అక్షరాస్యతా దినోత్సవం నాడు మనల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టి నడిపించేది కూడా ర్యాలీనే. కార్ల ర్యాలీ అట్లాంటిది కాదు.

కార్ల పోటీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రేసు. అందులో కార్లన్నీ వరసగా నిలబడి, ఒకేసారి బయలుదేరి, ఒకే చోట చుట్లు తిరుగుతాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ అట్లాంటి రేసే. అవి కరెంటుతో నడిచే కార్లు. రేసులో ఎవరు ముందున్నారో కంటికే కనపడుతుంది.

రెండోది ర్యాలీ. ఇందులో కార్లు ఒకదాని తర్వాత ఒకటి, ఒక నిమిషమో రెండు నిమిషాలో తేడాతో బయలుదేరుతాయి. పక్కన ఎవరూ ఉండరు. పోటీ గడియారంతోనే. మన స్పోర్ట్స్ మీట్‌లో లాంగ్‌జంప్ ఎట్లా పెడతారో గుర్తు తెచ్చుకోండి. అందరూ ఒకేసారి దూకరు గదా! ఒక్కొక్కరు దూకితే సారు టేపు పెట్టి కొలుస్తారు. ఇక్కడ టేపు బదులు గడియారం. సెకనులో పదో వంతు దాకా లెక్క పెడతారు.

ఇంకో తేడా దారి. ర్యాలీకి ప్రత్యేకంగా కట్టిన మైదానం ఉండదు. మట్టిరోడ్లు, అడవి బాటలు, తోటల్లో దారులు, ఘాట్ రోడ్లు, ఇవే దాని మైదానం. ఆ దారిలో ఒక ముక్క తీసుకుని, జనాన్ని, బండ్లను రాకుండా ఆపి పోటీ పెడతారు. ఆ ముక్కను స్పెషల్ స్టేజి అంటారు. ఒక స్టేజి 5 కిలోమీటర్లు ఉండవచ్చు, 20 కిలోమీటర్లు కూడా ఉండవచ్చు. రెండు రోజుల పోటీలో ఇట్లాంటి స్టేజిలు చానా ఉంటాయి. అన్ని స్టేజిల టైము కలిపితే ఎవరికి తక్కువ వస్తుందో వాళ్ళు గెలిచినట్టు.

ఒక స్టేజి అయినాక ఇంకో స్టేజికి మామూలు రోడ్డు మీదనే పోవాలి. అక్కడ బస్సులు, ఆటోలు, ఎద్దులబండ్లు అన్నీ ఉంటాయి. అక్కడ వాళ్ళు కూడా మనలాగే ట్రాఫిక్ రూల్సు పాటించాలి. స్పీడుగా పోతే శిక్ష పడుతుంది.

వేగం ఎంతో లెక్క చూద్దాం. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. నున్నటి హైవే మీద, ఆగుకుంటా పోయే మన బస్సుకు దాదాపు గంట పడుతుంది. ర్యాలీ కారు మట్టిదారిలో సగటున గంటకు 100 కిలోమీటర్లు పోయిందనుకోండి. అంత దూరం 24 నిమిషాల్లో అయిపోతుంది. అదీ గుంతలు, రాళ్ళు, మలుపులు ఉన్న దారిలో.

ఈ ఆటలో ఒక రూలు మన వార్డెన్ మేడంకు తప్పకుండా నచ్చుతుంది. స్టేజి దగ్గరికి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు రావాలో ముందే లెక్క ఉంటుంది. ఆలస్యంగా వస్తే ఒక్కో నిమిషానికి 10 సెకన్లు జరిమానా కలుపుతారు. ముందుగా వచ్చినా తప్పే. అప్పుడు ఒక్కో నిమిషానికి పూర్తిగా ఒక నిమిషం కలుపుతారు. అంటే ఆలస్యం కంటే తొందరకే శిక్ష ఎక్కువ. అన్నం గంట కొట్టకముందే పళ్ళెం పట్టుకుని మెస్ దగ్గర నిలబడేవాళ్ళు ఈ రూలును గమనించ ప్రార్థన.

పక్క సీటులో ఎవరు?

ర్యాలీ కారులో ఇద్దరు ఉంటారు. ఒకరు డ్రైవర్. పక్కన కూర్చునేవాళ్ళను కో-డ్రైవర్ అంటారు. మన తెలుగులో సహ చోదకుడు అనవచ్చు గానీ, "దారి చదివే మనిషి" అంటే ఇంకా బాగా అర్థమవుతుంది.

లారీలో క్లీనరును చూసినారు గదా. లారీ వెనక్కి పోతుంటే బాడీ మీద చేత్తో కొట్టి "రానీ రానీ, ఆగాగు" అంటాడు. డ్రైవరుకు కనపడనిది ఆయనకు కనపడుతుంది. కో-డ్రైవర్ పని అట్లాంటిదే, కానీ ఇంకా కష్టం. ఎందుకంటే కో-డ్రైవర్ ఎక్కువసేపు రోడ్డును చూడడు. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, తల వంచుకుని చదువుతా ఉంటాడు!

ఎందుకు చదవాలి? గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. "ఒకటి" అని అనేలోపల కారు 28 మీటర్లు దాటిపోతుంది. అడవిదారిలో మలుపు అవతల ఏముందో కనపడదు. మిట్ట ఎక్కినాక దారి ఎటు తిరుగుతుందో తెలియదు. కంటితో చూసి అప్పుడు బ్రేకు వేద్దామంటే చెట్టుకు తగులుకోవడమే. అందుకని మలుపు రాకముందే, ఇది ఇట్లాంటి మలుపు అని పక్కనుంచి ఒకరు చెప్పాలి. ఇంజను చప్పుడులో మాట వినపడదు కాబట్టి ఇద్దరి హెల్మెట్లలో మైకు, చెవి దగ్గర స్పీకరు ఉంటాయి.

టైము లెక్క చూసుకునేది, కార్డు మీద టైము వేయించేది కూడా కో-డ్రైవరే. స్టేజి మధ్యలో టైరు పంచరయితే ఇద్దరూ దిగి మార్చుకోవాలి.

నోట్సు ఎట్లా రాస్తారు?

ఆ పుస్తకం ఎవరో అచ్చు వేసి ఇచ్చేది కాదు. వాళ్ళే చేత్తో రాసుకుంటారు. దాని పేరు పేస్ నోట్స్.

పోటీకి ఒకటి రెండు రోజులు ముందు ఆ దారిలో మామూలు కారులో నిదానంగా పోనిస్తారు. సాధారణంగా రెండుసార్లే. మొదటిసారి డ్రైవరు దారి చూసుకుంటా చెప్తాడు, పక్కవాళ్ళు రాసుకుంటారు. రెండోసారి పక్కవాళ్ళు చదువుతారు, డ్రైవరు విని దిద్దుతాడు. మనకు డిక్టేషన్ చెప్పి, మళ్ళీ చదివించి తప్పులు దిద్దినట్టే.

మలుపులకు అంకెలు వేస్తారు. ఎక్కువమంది వాడే పద్ధతిలో 1 అంటే బాగా ముడుచుకున్న మలుపు, కారు చానా నెమ్మది కావాలి. 6 అంటే కొంచెం వంపు, దాదాపు వేగం తగ్గించక్కర్లేదు. మలుపుకు మలుపుకు మధ్య దూరం మీటర్లలో రాస్తారు. ఇంకా మిట్ట, గుంత, రాయి, జారుడు, ఇరుకు వంతెన అని గుర్తులు పెట్టుకుంటారు. "లోపలికి కొయ్యొద్దు" అనేది ముఖ్యమైన మాట. అంటే మలుపులో లోపలి అంచు మీద నుంచి అడ్డంగా పోవద్దు, అక్కడ రాయో మొద్దో ఉంది అని.

మీకు సులభంగా తెలియాలని మన హాస్టల్ గేటు నుంచి మెస్ దాకా నేను ఒక నోట్సు రాసినాను. నడుచుకుంటా చదివి చూడండి:

"గేటు. 40. కుడి 5. 20. మిట్ట, వెంటనే ఎడమ 2, లోపలికి కొయ్యొద్దు, వేపచెట్టు వేరు. 30. జారుడు, కొళాయి నీళ్ళు. కుడి 1, మెస్ తలుపు. ఆగు."

ఇప్పుడు ఒక పని చేయండి. మీ స్నేహితురాలి కళ్ళకు చున్నీ కట్టి, ఈ నోట్సు చదువుతా నడిపించండి. పరిగెత్తవద్దు, పడితే మేడం నన్ను తిడతారు. ముందే చదివేస్తే ఆమె మర్చిపోతుంది. ఆలస్యంగా చదివితే వేరుకు కాలు తగులుతుంది. సరిగ్గా అడుగు వేసే ముందు చదవాలి. ర్యాలీలో కూడా అంతే. ఒకటి రెండు మలుపులు ముందుగా చదవాలి. పొరపాటున రెండు కాగితాలు ఒకేసారి తిప్పితే లేని మలుపు చెప్పినట్టు అవుతుంది. అందుకే వాళ్ళు అక్షరాలు పెద్దగా, గుండ్రంగా, విడివిడిగా రాసుకుంటారు. దస్తూరి బాగుండాలని మన తెలుగు మేడం ఊరికే చెప్పడం లేదు.

తాడు పట్టే బావమరిది

ఈ నమ్మకం మా చెంచోళ్ళకు కొత్తేమీ కాదు. మాది నల్లమల గూడెం. కొండచరియకు పట్టిన పెద్దతేనె తియ్యాలంటే పైనుంచి తాడు కట్టుకుని ఒకరు కిందికి దిగుతారు. పైన తాడు పట్టుకునేది ఇంకొకరు. మాలో ఆ తాడు అన్నదమ్ములకు ఇవ్వరు, బావమరిదికి ఇస్తారు. ఎందుకంటే కింద ఉన్న మనిషికి ఏమన్నా అయితే బతుకు చెడేది ఆ బావమరిది తోడబుట్టిన ఆడబిడ్డదే. అందుకని ఆయన తాడు వదలడు.

కింద ఉన్న మనిషికి పొగ, తేనెటీగలు తప్ప ఏమీ కనపడవు. తాడు కదిలితే పైన ఉన్నాయనకు అర్థమవుతుంది, ఆయన అరిస్తే కింద ఉన్నాయనకు అర్థమవుతుంది. తేనె తెచ్చినాక దిగినాయన ఒక్కడే తెచ్చినాడని మా గూడెంలో ఎవరూ అనరు. ఇద్దరికీ వాటా ఉంటుంది. ర్యాలీలో కూడా ఫలితాల పట్టీలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాస్తారు.

ఒక ఏడాది ఎట్లా నడిచింది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక్క ర్యాలీ గెలిస్తే ఆ ర్యాలీ గెలిచినట్టే, ఛాంపియన్ అయినట్టు కాదు. ఏడాది పొడుగునా వేరే వేరే దేశాల్లో ర్యాలీలు పెట్టి, అన్నిట్లో వచ్చిన పాయింట్లు కూడి ఛాంపియన్‌ను తేలుస్తారు. మోటారు పోటీలకు ప్రపంచం మొత్తానికి పెద్ద సంస్థ ఎఫ్.ఐ.ఎ. అది 1904లో ఏర్పడింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాకుండా ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఛాంపియన్‌షిప్ కూడా ఉంది. యూరప్‌కు ఒకటి, ఆఫ్రికాకు ఒకటి, మధ్య ఆసియాకు పడమర ఉన్న అరబ్బు దేశాల వైపు ఒకటి. మన వైపుది ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్. ఇది 1988లో మొదలైంది. మొదటి ఛాంపియన్ జపాన్ దేశపు కెంజిరో షినోజుకా. మలేసియాలో పుట్టిన పంజాబీ బిడ్డ కరంజిత్ సింగ్ 2001, 2002, 2004లో గెలిచినాడు. పక్క సీటులో దారి చదివింది అలెన్ ఓ.

మన దేశం నుంచి ఈ ఛాంపియన్‌షిప్ మొదట గెలిచింది ఢిల్లీకి చెందిన గౌరవ్ గిల్, 2013లో. మళ్ళీ 2016లో, 2017లో కూడా గెలిచినాడు. 2016లో ఆయనకు దారి చదివింది ఆస్ట్రేలియా ఆయన గ్లెన్ మాక్‌నీల్. చూడండి, ఒకరు మన దేశం, ఒకరు సముద్రం అవతల. ఇద్దరినీ కలిపింది ఒక నోట్సు పుస్తకం.

2016 పోటీని మన బడి సంవత్సరంతో కలిపి చెప్తాను, గుర్తుంటుంది.

మనకు ఎండాకాలం సెలవులు ఇచ్చే ఏప్రిల్ చివర్లో న్యూజిలాండ్‌లో వాంగరే అనే ఊరి దగ్గర మొదలైంది. అక్కడి మట్టిరోడ్లు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా ఉంటాయి. నడుము మీద నుంచి జారితే పక్కకు ఈడ్చుకుపోతుంది. మనకు బడి తెరిచే జూన్‌లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవిదారుల్లో జరిగింది. ఆగస్టులో మలేసియాలోని జొహోర్‌లో. అక్కడ దారులు పామాయిల్ తోటల మధ్య ఉంటాయి, వాన పడితే అంతా బురదే. మనకు పరీక్షలు జరిగే సెప్టెంబరులో జపాన్‌లోని హొక్కైడో దీవిలో. సన్నటి అడవిదారులు, కానీ వేగం ఎక్కువ. అది గెలిచేసరికే ఆ ఏడాది టైటిల్ గిల్, మాక్‌నీల్‌లకు ఖాయమైపోయింది. చివరిది నవంబరులో మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, చిక్కమగళూరు కాఫీ తోటల్లో. టైటిల్ వచ్చేసింది గదా అని ఊరుకోలేదు. అదీ గెలిచినారు.

ఒక ర్యాలీలో మొదట వచ్చినవాళ్ళకు 25 పాయింట్లు, రెండో వాళ్ళకు 18, మూడో వాళ్ళకు 15, ఇట్లా పదో వాళ్ళకు 1 దాకా ఇస్తారు. ఒక చోట ఓడిపోయినా ఇంకో చోట కూడబెట్టుకోవచ్చు. ఒక్క పరీక్షతో తేలిపోయేది కాదు.

వాళ్ళ కారు స్కోడా ఫాబియా ఆర్5. ఇంజను 1.6 లీటర్లు, నాలుగు చక్రాలూ లాగుతాయి, బరువు కనీసం 1230 కిలోలు ఉండాలని రూలు. టైర్లు మన దేశపు ఎం.ఆర్.ఎఫ్.వి. ఈ కంపెనీ 1946లో మద్రాసులో పిల్లల బెలూన్లు చేసే చిన్న షెడ్డుగా మొదలైంది. మన తెలుగువాళ్ళ నేల మీద కూడా దీనికి ఒక ఫ్యాక్టరీ ఉంది, తెలంగాణలో సదాశివపేట దగ్గర.

నాకు ఇంకో సంగతి నచ్చింది. వాంగరే అనే పేరు న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల మాట. హొక్కైడోలో ర్యాలీ జరిగే ఒబిహిరో ఊరి పేరు అక్కడి ఆదివాసులైన ఐనూల మాట నుంచి వచ్చింది. అడవి ఉన్న చోట ఆదివాసీ పేరు ఉంటుంది. కార్లు ఇప్పుడు వచ్చినాయి, దారి ముందునుంచే ఉంది.

ఆడవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. ఫ్రాన్స్ దేశపు మిషెల్ మూతో 1982లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో వచ్చింది. మగవాళ్ళతో సమానంగా పోటీ చేసి ప్రపంచ ర్యాలీలు నాలుగు గెలిచింది. ఆ నాలుగింట్లో పక్కన దారి చదివింది ఇటలీ దేశపు ఫాబ్రిజియా పోన్స్. ఇద్దరూ ఆడవాళ్ళే.

ఆస్ట్రేలియాలో కోరల్ టేలర్ అనే ఆమె కో-డ్రైవర్. నీల్ బేట్స్ అనే డ్రైవర్ పక్కన కూర్చుని ఆ దేశపు ఛాంపియన్‌షిప్ నాలుగుసార్లు గెలిపించింది. ఆమె కూతురు మాలీ టేలర్ 2016లో ఆస్ట్రేలియా ర్యాలీ ఛాంపియన్ అయింది. ఆడమనిషి అది గెలవడం అదే మొదలు. అమ్మ చదివింది, కూతురు నడిపింది. మన ఇండ్లలో తిరగబడి ఉంది. అమ్మ నడుపుతా ఉంది, కూతురు చదవాల.

దారి పక్కన ఉండే మనుషులు

మంచి మాత్రమే రాస్తే వ్యాసం సగమే అవుతుంది. గౌరవ్ గిల్‌కు 2019లో అర్జున అవార్డు వచ్చింది. మోటారు పోటీల నుంచి ఆ అవార్డు పొందిన మొదటి మనిషి ఆయనే. అదే ఏడాది సెప్టెంబరులో రాజస్థాన్‌లో బార్మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ జరిగింది. పోటీ కోసం మూసిన దారి మీదికి ఒక మోటారు సైకిల్ వచ్చింది. గిల్ కారు దానికి తగిలింది. ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయినారు. అమ్మ, నాయన, పిల్లవాడు. పోటీ అక్కడితో ఆపేసినారు.

తప్పు ఎవరిదో తేల్చేదానికి నేను చిన్నదాన్ని. కానీ ఇది చదివినాక నాకు నిద్ర పట్టలేదు. డ్రైవరుకు దారి చెప్పేదానికి పక్కన ఒక మనిషి ఉన్నాడు, పుస్తకం ఉంది, మైకు ఉంది. ఆ దారి పక్కన బతికేవాళ్ళకు కూడా ఒకరు చెప్పాల గదా! రోడ్డు మూస్తారని కాగితం అంటిస్తే సరిపోదు. మా గూడెంలో అంటించినా మా నాయన దాన్ని చూసి, రంగు బాగుంది అని దాటిపోతాడు. దండోరా వెయ్యాల. ఇంటింటికీ పోయి నోటితో చెప్పాల. ప్రతి బాట దగ్గర ఒక మనిషిని నిలబెట్టాల. అదే కాఫీ తోటల్లో అయితే దారులు తోటలోపలివి కాబట్టి జనాన్ని ఆపడం కొంచెం సులువు. ఊర్ల మధ్య దారి అట్లా కాదు.

మన నల్లమల పులుల అడవి. అక్కడ ఇట్లాంటి పోటీ పెట్టకూడదనే నేనంటాను. పులికి నోటీసు ఎవరు చదివి చెప్తారు?

ఆగిపోయిన కారు మళ్ళీ రావచ్చు

ర్యాలీలో నాకు అన్నిటికంటే నచ్చిన రూలు ఇప్పుడు చెప్తాను. మొదటి రోజు కారు చెడిపోయి ఆగిపోయిందనుకోండి. దాన్ని తోసేయరు. రాత్రి మెకానిక్కులు బాగుచేస్తే, కారు భద్రంగా ఉందని పరీక్ష చేసి, రెండో రోజు మళ్ళీ పోనిస్తారు. పోగొట్టుకున్న స్టేజిలకు జరిమానా టైము కలుపుతారు. మొదటి స్థానం రాకపోవచ్చు. కానీ ఆటలో ఉంటారు, పాయింట్లు తెచ్చుకోవచ్చు. ఏడాది చివర లెక్కలో ఆ కొన్ని పాయింట్లే పనికొస్తాయి.

ఇది ఎందుకు రాస్తున్నానో మా తరగతివాళ్ళకు తెలుసు. సంక్రాంతికి ఇంటికి పోయి ఇంతవరకు తిరిగి రాని అమ్మాయి మాలో ఒకామె ఉంది. పేరు రాయను. మిరపకాయలు కోసేదానికి చెయ్యి తక్కువైందని వాళ్ళింట్లో ఆపుకున్నారు. వాళ్ళను తప్పు పట్టను. కూలి పోతే పొయ్యి వెలగదు, అది మా ఇంట్లోనూ అంతే.

కానీ ఒకటి ఆలోచించండి. ఆ ఇంట్లో అక్షరం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. మా ఇంట్లో నేనొక్కదాన్ని. నాయన నంద్యాల బస్టాండుకు పోతే, బస్సు బోర్డు చదవమని నన్ను ముందు నిలబెడతాడు. అమ్మకు ఆస్పత్రిలో మాత్రలు ఇస్తే, ఏది అన్నం తినకముందు, ఏది తిన్నాక అని నేనే చీటీ చదివి చెప్పాల. బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, వేలిముద్ర వెయ్యమనే కాగితం, అన్నీ మలుపులే. అమ్మ, నాయన పగలూ రాత్రీ బండి నడుపుతా ఉన్నారు. వాళ్ళకు ధైర్యం ఉంది, బలం ఉంది. దారి చదివే మనిషి మాత్రం లేదు. ఇంతకాలం మలుపు వచ్చినాకనే మలుపని తెలిసేది. ఇప్పుడు ముందుగా చెప్పేదానికి మనం ఉన్నాము. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలోనే పుస్తకం మూసేస్తే, వాళ్ళ బండి మళ్ళీ చూపులేని బండి అవుతుంది.

అందుకని రెండు విన్నపాలు.

వార్డెన్ మేడంకు: ఆమె పేరు హాజరుపట్టీలోంచి కొట్టెయ్యకండి. జరిమానా వెయ్యండి. పోయిన పాఠాలన్నీ రాసుకోమనండి, నా నోట్సు నేనిస్తాను. ఆదివారం పూట కూర్చోబెట్టి లెక్కలు చెప్పేదానికి మా తరగతిలో ముగ్గురం ఒప్పుకున్నాము. ఆటలోంచి మాత్రం తీసెయ్యకండి. వీలైతే మీరో టీచరో ఒకసారి వాళ్ళ ఊరికి పోయి పిలవండి. మా ఇండ్లలో కాగితం కంటే నోటి మాటకు విలువ ఎక్కువ.

ఆ ఊరి వైపు పోయే చెల్లెళ్ళకు: శనివారం ఇంటికి పోతే ఈ సంగతి ఆమెకు చెప్పండి. ఏడాది ఇంకా అయిపోలేదు. మిగిలిన స్టేజిలు ఉన్నాయి. ఆమె బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని